కాలేషా కారులో ముందు సీటు

తెనాలి,
6-2-1971.

యావన్మంది బంధుజనులకూ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: శివరాత్రి వెళ్ళిన ఆదివారం పొద్దున్నే మన కుటుంబం కారెక్కి చరిత్ర చూచుటకు బయలుదేరుచున్నది. వేమూరు దాటకముందు జంతికల డబ్బా మూత తీసినవారు ఎంతటివారైనా, అనగా మీ బావగారైనా సరే, అక్కడికక్కడే దింపివేయబడుదురు. వాంతి వచ్చువారు ముందుగా కేకవేసి తెలుపుకొనవలెను. వచ్చిన తరువాత తెలుపుకొన్నచో చెల్లదు. ఇది నా హుకుం.

చిరంజీవి తమ్ముడు పున్నారావుని అక్క మాణిక్యాంబ నిండు నూరేళ్ళు బతకమని దీవించి రాసేదేమంటే, ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు అడక్కపోయినా గేదె కూడా బాగానే ఉంది. నీ ఒళ్ళెలా ఉందో మాత్రం నువ్వు రాయలేదు. ఉత్తరంలో సగం భిలాయి చలి గురించే రాశావు. నేను నీకు అక్కనా, చలికి అక్కనా?

అడిగినవాటికి వరసగా చెబుతా. ఐదో క్లాసు చదువు, వరస తప్పితే నవ్వకు.

"ఇప్పుడీ తిరుగుడు ఎందుకక్కా" అన్నావు. హైమావతిని రేపల్లె పుట్టింటికి నేను దిగబెట్టటానికి వెళ్ళినప్పుడల్లా రైల్లో భట్టిప్రోలు రాగానే నా మోచెయ్యి పొడిచేది. "వదినా, ఇక్కడి దిబ్బలోనే బుద్ధుడి ఎముక దొరికిందట. ఒక్కసారి దిగి చూద్దాం" అనేది. "ఎముకలకోసం దిగటానికి మనం కుక్కలమా ఏంటే" అనేదాన్ని. పడీపడీ నవ్వేది. దిగలేదు. ఇప్పుడు దిగుదామన్నా నీ పెళ్ళాం లేదు. దాని పిల్లలన్నా దిగి చూస్తారని ఈ తిరుగుడు. మొదట భట్టిప్రోలు, రాత్రికి రేపల్లెలో మీ మామగారింట్లో మకాం, మర్నాడు బాపట్ల భావనారాయణస్వామి గుడి. గర్భగుడి వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుందట. ఎక్కనిస్తారా అని నీ కొడుకు చంద్రం ఇప్పటినుంచే అడుగుతున్నాడు.

"కాలేషా కారు అంత దూరం వస్తుందా" అన్నావు. స్టేషన్ దగ్గర కిరాయికి తిప్పే ఆ డొక్కు కారే కదా, నాకూ అనుమానమే. వాణ్ణే పిలిచి అడిగా.

"ఏంటి కాలేషా, బాపట్ల దాకా వెళ్ళిద్దా ఇది?"

"వెళ్ళిద్దక్కా. తిరిగి రావటం సంగతి పైవాడు చూసుకుంటాడు."

"మధ్యలో ఆగితే?"

"బావగారు దిగి తోస్తారుగా!"

మీ బావ మంచం మీద నుంచే అరిచారు: "దిబ్బ చూట్టానికి కారెందుకే? పెరట్లో పేడదిబ్బ లేదా?"

ఈయన చేత తోయించే బదులు కారుకి గేదెని కట్టుకోవటం నయం. మీసం ఉన్న మగాళ్ళని ఆ దిబ్బ ఎక్కనివ్వరని చెప్పా. అప్పట్నుంచీ అద్దం ముందు నిలబడి మీసం నిమురుకుంటూ దిగులుపడుతున్నారు. ఆదివారం దాకా నిజం చెప్పను.

"పిల్లల్ని రేపల్లె తీసుకెళ్ళకు, వాళ్ళని చూస్తే మామయ్య ఏడుస్తాడు" అన్నావు. ఏడవనీరా. కూతురు పోయిన మనిషి. పట్టుకుని ఏడవటానికి ఆయనకి మనవలన్నా ఉంటారు. అక్కడ నీకెవరున్నారు? లీవు దొరకట్లేదని మళ్ళీ రాశావు. నీ మనియార్డరుకి ఏ లీవూ అక్కర్లేదు, నెల తిరిగేసరికి బుద్ధిగా వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. దాన్ని చూసి నేర్చుకో.

ఇక ఆఖరిది. ఉత్తరం మడత పెట్టాక గుర్తొచ్చినట్టు అంచున చిన్నగా రాశావు, "పాప నన్ను అడుగుతుందా" అని. చెబుతా విను. మొన్న సాయంత్రం పిల్లలిద్దరికీ అన్నం కలిపి పెడుతూ బుద్ధుడి కథ ఎత్తుకున్నా.

"ఆయనో రాజుగారబ్బాయిరా. లోకంలో దుఃఖం చూసి తట్టుకోలేక పెళ్ళాన్నీ పసివాణ్ణీ వదిలేసి, చెప్పకుండా వెళ్ళిపోయాడు" అన్నా.

చంద్రం నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని, "మరి ఆ పిల్లాడికి దుఃఖం ఉండదా అత్తా?" అన్నాడు.

నన్నెరుగుదువుగా, ఎవరు ఏమన్నా తిరిగి అనకుండా ఊరుకోను. వాడికి మాత్రం ఇంకో ముద్ద పెట్టా.

అప్పుడు పార్వతి అందుకుంది. "మా నాన్న వస్తాడు. కారులో ముందు సీటు మా నాన్నది. ఎవరూ కూర్చోకూడదు" అంది. అనటమే కాదు, కాలేషా కారు వాకిట్లోకి తెస్తే పరిగెత్తుకెళ్ళి ముందు సీటు మీద తువ్వాలు పరిచింది. నీకోసం బెంగపెట్టుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుందిరా.

పున్నా, ఇక్కడిదాకా నిన్ననే రాసి డబ్బాలో వేద్దామని బయల్దేరా. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చా. మీ బావ "స్టాంపు మర్చిపోయావా" అన్నారు. అవునన్నా.

హైమ పెద్దకర్మ అయిన మర్నాడు నువ్వు రైలెక్కావు. పిల్లల ముఖాల్లో ఆవిడ కనబడుతోందని, చూడలేనని అన్నావు. నేనూ సరేనన్నా, కొన్నాళ్ళు పోతే సర్దుకుంటావని. ఇక్కడ రోజూ చూస్తున్నదాన్నిరా నేను. పార్వతి నవ్వితే అచ్చం వాళ్ళమ్మే, పడీపడీ నవ్వుతుంది. నేను కూడా ఒక్కోసారి వంటింట్లోకి వెళ్ళిపోతా. కానీ మళ్ళీ బయటికొస్తా. నువ్వు లేక ఈ ఇంట్లో నాతో దెబ్బలాడేవాళ్ళు లేరు. మీ బావ దేనికైనా "సరేలే" అంటారు, ఆయనతో ఏం పోట్లాడతాం? సాయంత్రం రైలు కూత వేస్తే చెవి అటే పోతుంది. నాకే ఇలా ఉంటే నీకెలా ఉందో తెలియదా? తెలుసు. అయినా తిడుతున్నా.

ఇప్పుడు అసలు మాట. చంద్రం అడిగింది నిజం. పార్వతి గురించి రాసిందంతా నేను పుట్టించింది. ఆ తువ్వాలు పరిచింది నేను. "ముందు సీటు నాన్నదమ్మా" అన్నదీ నేనే. అది ఆ తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, "నాన్న రాడుగా అత్తా, నేను కూర్చుంటా" అని ఎక్కి కూర్చుంది. ఇవాళ పాలవాడు రాడు అన్నట్టు అంది. ఏడవలేదురా. ఏడ్చి ఉంటే నేనే ఎత్తుకుని ఊరుకోబెట్టేదాన్ని, నీకింత ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇట్లు,
నీ రాకకోసం చూసే
అక్క మాణిక్యాంబ.