గోడవైపు తిప్పిన పటం

ప్రియమైన నెల్లాకు,

ఇంతవరకు మనల్ని మోసిన ప్రభువుకు స్తోత్రం. ఇక్కడ నేనూ, కోళ్ళూ, కారే కప్పుతో మన ప్రార్థనశాలా క్షేమం. శానటోరియంలో నీ దగ్గు తగ్గుముఖం పట్టిందని చదవగానే మోకాళ్ళ మీద పడ్డాను.

నల్లబట్టల దొరసాని పటం సంగతి తేలిందా అని అడిగావు. నగరం నుంచి చిత్రాల పండితుడు మళ్ళీ వచ్చాడు. మూడువందల ఏళ్ళనాటి గొప్ప చిత్రకారుడి చెయ్యేనట. ఎవరెవరి చేతులు మారి మనదాకా వచ్చిందో తేలితే మ్యూజియం కొంటుంది. కప్పంతా కొత్తగా వేయించుకోవచ్చు. కానీ మీ నాన్నకు ముందు అది ఎవరిదో నాకూ తెలియదు.

అంతలో మా మేనత్త ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఆచారం ప్రకారం అద్దాన్నీ పటాన్నీ గోడవైపు తిప్పేశాను. శవం దగ్గర కూర్చోడానికి వడ్రంగి వోల్ఫర్ట్ తల్లి, ముసలి మాట్యే వచ్చింది. పటం వీపు చూసి లేచి నిలబడింది.

"లీండర్ట్, మా చెక్కపటం మీ ఇంట్లో ఉందేం?"

"మీదేమిటి పెద్దమ్మా?"

"ఆ ఎర్ర లక్కముద్ర చూడు. కింద కాలిన మచ్చ కూడా ఉండాలే. మా తాత శవం దగ్గర కొవ్వొత్తి పడేసి మా అమ్మ చేత తన్నులు తిన్నాను."

దీపం దించి చూశాను. మచ్చ ఉంది.

"మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చావు! ఇన్నాళ్ళూ గుర్తుపట్టలేదా?"

"ముఖం నేనెక్కడ చూశాను? మసిపట్టి దూలం కింద చీకట్లో ఉండేది. చావు ఇంట్లోనే దించి తిప్పేవాళ్ళు. నాకు తెలిసింది దీని వీపే."

వరదలో వాళ్ళ ఇల్లు మునిగితే మీ నాన్న దాన్ని పడవలో గట్టెక్కించాడట. ఎండిన గోడ దొరికేదాకా ఉంచమని వాళ్ళు పక్కదీవికి పోయారు. తిరిగొచ్చేసరికి మీ నాన్న లేడు; పటం ఏమైందో చెప్పేవాళ్ళు ఇక లేరనుకున్నారు. ఆయన ఏనాడూ "మనది" అనలేదనీ, "మన గోడమీద ఉంది" అనేవాడనీ నువ్వే రాశావు కదా!

"నీ ఇష్టం" అని వెళ్ళిపోయింది ముసలమ్మ. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. పైన కప్పు కారుతోంది. దోచినది డేరాలో దాచిన బైబిల్లోని ఆకాను మీద ప్రసంగిస్తూ ఎన్ని ఆదివారాలు బల్ల గుద్దాను! ఈసారి ఆ బల్లే నన్ను గుద్దింది.

ఇంతసేపూ చుట్టూ తిరిగాను, ఇక చెప్పాలి. పటం ఇచ్చేశాను నెల్లా. మీ నాన్న గుర్తు, నిన్నొక్క మాట అడక్కుండా.

నీ దుప్పట్లో చుట్టి భుజాన వేసుకెళ్తే గుమ్మంలో వోల్ఫర్ట్, "ఏం దైవజనుడా, ఇవాళ నరకాన్ని మూటగట్టి తెచ్చావా?" అన్నాడు. విప్పాక తల్లిని కేకేశాడు.

మాట్యే పటం ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఓసి నీ దుంపతెగ, ఇంత అందగత్తెవా నువ్వు!" అంది. తర్వాత నావైపు తిరిగి, "దీని మసి ఎవరు వదిలించారు?"

"మా ఆవిడ. ప్రతి శనివారం మెత్తటి గుడ్డతో తుడిచేది."

"ఆమెకు నా మాటగా రాయి. నేను పోయిననాడు దీన్ని గోడవైపు తిప్పాల్సింది ఆ చేతులే. ఆమె ఇంటికొచ్చేదాకా నేను పోను."

కప్పు ఇంకా కారుతూనే ఉంది, స్తోత్రం. నువ్వు మాత్రం తొందరపడకు. నిదానంగా కోలుకో. ముసలమ్మ నిన్న కూడా రెండు చేపలు తిని, మూడోది ఏదని అడిగింది.

ఇట్లు,
నీ దుప్పటి ఉతికి ఆరేసి ఎదురుచూస్తున్న
నీ భర్త, లీండర్ట్