ఎడమవైపు బటన్

ఏలూరు,
14 ఆగస్టు 2007.

తహసీన్ ఆపాకి తమ్ముడు తాహిర్ సలాములు.

ఇక్కడ అందరం క్షేమమే. అమ్మ మోకాళ్ళ నొప్పి మాత్రం అలాగే ఉంది. నూనె రాసుకోమంటే వినదు, పైగా నన్నే కసురుకుంటుంది. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. ల్యాబులో నా ప్రోగ్రాము ఎలా నడుస్తోందని ఒకటి. దివ్యంగా నడుస్తోంది. తాడేపల్లిగూడెంలో పెట్టే కొత్త బ్రాంచికి కూడా నన్నే రాయమన్నారు డాక్టరుగారు. రాజ్యం జవాబు ఎందుకు రాయడం లేదని రెండోది. అది ఫోనులో చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను.

నీతో పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న రాజ్యం ఆ ల్యాబులోనే టైపు చేసేది కదా. రక్తపరీక్షల చీటీలు చూసి కంప్యూటర్లో అంకెలు కొట్టడం, సేవ్ చేయడం, చీటీలు చింపి బుట్టలో పడేయడం ఆమె పద్ధతి. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది కానీ చెయ్యి మహా చురుకు. ఏ బటన్ ఎక్కడుంటుందో చోటు గుర్తుపెట్టుకుని నొక్కేస్తుంది.

నేను ఆ ప్రోగ్రాము రాసింది మనింటి కంప్యూటర్లో, లైనక్స్ మీద. ల్యాబు కంప్యూటర్లో ఉన్నది విండోస్, రెండింటి పద్ధతులూ వేరు. ఎక్కడైనా నడిచేలా రాశానని ఊరంతా కోతలు కోశాను. నడవడమైతే నడిచింది. కానీ విండో మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడుగుతుందే, అక్కడ విండోస్‌లో ‘ఎస్’ ఎడమవైపు ఉంటుంది. నాదాంట్లో ఎడమవైపు ‘నో’ ఉంది.

మొదటిరోజే రాజ్యం పట్టుకుంది. "తమ్ముడూ, మిగతావాటిల్లో ఎస్ ఇటేపుంటది కదా, నీదాంట్లో అటేపుందేంటి? కాస్త మార్చెయ్యవా, చెయ్యి అలవాటు పడిపోయింది" అంది.

"చదివి నొక్కక్కా, చదువుకున్నదానివేగా" అని నవ్వాను. పొగరు ఆపా, ఒట్టి పొగరు.

జూన్‌లో ఒకరోజు నలభైమూడు మంది రిపోర్టులు కొట్టి, విండో మూస్తూ అలవాటుగా ఎడమవైపు నొక్కి, చీటీలు చింపేసింది. అన్నీ పోయాయి. కొల్లేటికోట నుంచి పడవెక్కి వచ్చిన ముసలావిడ కూడా మళ్ళీ రక్తం ఇవ్వాల్సి వచ్చింది.

డాక్టరుగారు అందరి ముందూ నన్నే అడిగారు. "తాహిర్, నిజం చెప్పు. తేడా ప్రోగ్రాములో ఉందా, మనిషిలో ఉందా?"

"ప్రోగ్రాములో ఏ తేడా లేదండీ. ఆవిడే చూసుకోకుండా నొక్కారండీ" అన్నాను.

ఆ రోజే ఆమెను మాన్పించేశారు. వారం తిరక్కుండా ఎవరికీ చెప్పకుండా ఆ రెండు బటన్లూ అటుదిటు, ఇటుదటు చేశాను. పది నిమిషాల పని. వాళ్ళాయన మంచాన పడి ఉన్నాడనీ, ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోందనీ నాకు తెలియకపోలేదు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో పొద్దస్తమానం నిలబడి తలలు తీస్తోంది.

మొన్న బజార్లో ఎదురుపడింది. వేళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి. ఎప్పుడూ తమ్ముడూ అని పిలిచే మనిషి, "తాహిర్ గారూ, నా మూలంగా మీ ప్రోగ్రాముకి చెడ్డపేరొచ్చిందండీ. మనసులో పెట్టుకోకండీ" అంది.

"పర్వాలేదులే అక్కా" అన్నాను. ఆమెను క్షమించేసి ఇంటికొచ్చాను, ఆపా.

ఇట్లు,
నీ తమ్ముణ్ణని రాసుకోవడానికి సిగ్గుపడుతున్న
తాహిర్