ఫసలీకి ఒక ఖానా

ఢిల్లీ

బాపుకు, కొడుకు యాదగిరి దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? అమ్మకు దగ్గు తగ్గిందా? చెల్లె సుజాతను ఈ ఉత్తరం మధ్యలో వరసలు మింగకుండా చదవమను.

ఇక్కడి చలికి పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. స్వెట్టర్ కొనుక్కున్నాను, అమ్మను ఫికర్ చేయవద్దను. ఎప్పుడూ గోధుమ రొట్టెలే. ఆదివారం గదిలో ఒక్కడినే కూర్చుంటే జొన్న రొట్టె, పచ్చిపులుసు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త జొన్నపిండి పంపించు. అయినా బాగానే ఉన్నాను.

మా లైబ్రరీలో నిజాం కాలపు గెజిట్లు గుట్టలుగా ఉన్నాయని రాశాను కదా. నువ్వు నేర్పిన ఉర్దూతోనే నాకీ నౌకరీ దొరికింది. ఒక్కో పేజీని ఫొటో తీసి, అందులో ఏ ఊరు, ఏ సంగతి, ఏ సంవత్సరం ఉందో కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. రేపు ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కడ కూర్చుని వెతికినా ఆ పేజీ కళ్లముందుకు రావాలి.

పోయిన నెల పెద్దసారు పరీక్షకని 1930 కొట్టాడు. ఒక్క పేజీ రాలేదు. అందరి మొహాలూ వాడిపోయాయి. తీరా చూస్తే, ఆ కాగితాల మీదున్న నిజాం కాలపు ఫసలీ సాలు లెక్కనే ఉన్నదున్నట్టు ఎక్కించాం. 1340 అని ఉంటే 1340 అనే! కంప్యూటర్ దాన్ని ఇంగ్లీషు 1340 అనుకుంది. నిజాం సర్కారు పోయి కాకతీయుల పక్కింట్లో కూర్చుంది. చిన్నప్పటి నుంచి నీ నోట ఫసలీ వినీవినీ నాకందులో వింతేమీ కనబడలేదు.

"ఐదువందల తొంభై కలిపి ఇంగ్లీషు సంవత్సరం వేయండి. పాత అంకె తీసేయండి" అన్నాడు సారు. అందరూ సరేనన్నారు. నాకు మాత్రం నీ మాట చెవిలో మోగింది: "నేను పుట్టింది చెర్వు తెగిన సాలు, ఫసలీ పదమూడొందల నలభై. గీ ఇంగ్లీషు సాలు నాకెందుకురా?"

నా నౌకరీ ఇంకా పక్కా కాలేదు. అయినా లేచాను. "సార్, మా ఊళ్లో పాత భూమి కాగితాల మీద ఫసలీయే ఉంటుంది. మా బాపుకు అదే గుర్తు. ఆయన వెతికితే ఏమీ దొరకకూడదా?" అన్నాను.

"మీ బాపు అంత దూరం నుంచి ఇక్కడికొచ్చి వెతుకుతాడా?" అన్నాడు.

"ఎక్కడి నుంచైనా వెతకొచ్చని మీరే అన్నారు కదా సార్!"

సారు నవ్వేశాడు. ఇప్పుడు వెతికేచోట సంవత్సరం కొట్టడానికి రెండు ఖానాలు, రెండు గళ్లు. రెండోదాని మీద ఫసలీ అని రాసి ఉంటుంది. అది పెట్టించింది నీ కొడుకే. గర్వంగా ఉంది బాపూ, దాచుకోను.

మొన్న ప్రారంభం రోజున మొదటి అంకె నన్నే కొట్టమన్నారు. ఫసలీ ఖానాలో 1340 కొట్టాను. మన అచ్చంపేట వైపు వానలకు చెరువులు తెగిన కబురు తెరమీదికొచ్చింది. "మా బాపు పుట్టిన సాలు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అవి నీకే.

పెద్దమ్మకు, మల్లయ్య మామకు నా దండాలు చెప్పు. నౌకరీ పక్కా కావాలని అమ్మను దీవించమను.

ఇంకొక్క మాట. పాలమూరులో ఇంటర్నెట్ దుకాణం పెట్టారట. సుజాత నిన్ను తీసుకుపోతుంది. మిగతావన్నీ అది చూసుకుంటుంది కానీ, రెండో ఖానాలో అంకె మాత్రం దాన్ని కొట్టనీయకు. నీ వేలితో నువ్వే కొట్టు.

నీ దీవెనలు కోరే కొడుకు,
యాదగిరి