నా పెనిమిటి పేరు

బెల్లంపల్లి,
1958

ఎల్లేశమన్నా,

నువ్వు మీ బావ దినాలకు వచ్చిపోయాక, పరిహారం సంగతి అడుగుదామని కార్మిక సంఘానికి వెళ్లాను. అక్కడ వకీలు అజీముద్దీన్ సాబ్ ఆదివారాలు కూర్చుని, పైసా తీసుకోకుండా అందరికీ హక్కులు చెబుతారు.

గని చీకటికి భయపడి నువ్వు ఊరికి తిరిగిపోతే, నీ పేరు మీద మీ బావ పనికి దిగారని చెప్పాను. మా ఇళ్ల వరుసలో ఇంకొందరు అట్లాగే దిగుతున్నారు. అది తప్పని నాకెన్నడూ తోచలేదు.

సాబ్ చేతిలో చాయ్ అట్లాగే ఉండిపోయింది. "గట్లయితే గని కప్పు కూలి సచ్చింది ఎల్లేశమే బిడ్డా. పరిహారం ఎల్లేశం పెండ్లానికి పోతది. నీ పెనిమిటి గనిల అడుగే పెట్టలే" అన్నారు.

మరి ఇన్నేళ్లు నేను బొగ్గు మసి ఉతికిన బట్టలు ఎవరివి, అన్నా?

"మీ వదిననే విధవ లెక్క తీస్కపోయి ఆఫీసుల కూసోవెట్టు" అంటోంది పక్కింటి సమ్మవ్వ. నువ్వు బతికుండగా వదిన బొట్టు చెరిపించనా?

సాబ్ ఒక్కటే దారి చెప్పారు: "మీ అన్న గని ఆఫీసుకొచ్చి, నేనే ఎల్లేశం, బతికే ఉన్న అని చెప్పాలె."

నీ మీద కేసు పెడతారేమో, నాకు తెలియదు. అయినా రా. నువ్వు రాకపోతే మీ బావ ఇక్కడ బతకనూ లేదు, చావనూ లేదు.

నీ చెల్లెలు