ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం

మచిలీపట్నం ఇనగుదురుపేటలో కాపురముంటున్న, కలంకారీ అచ్చులు చెక్కే షేక్ రహంతుల్లా అనే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, చెవులు మందగించినా బుద్ధి మందగించలేదని డాక్టరు గారి చేత చీటీ రాయించుకుని మరీ, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ లేవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనల్లుడు సుహైల్‌ది.

1. నేనుంటున్న పెంకుటిల్లు మా చెల్లెలు గౌసియాకు చెందాలి. నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో వంటా ఆమెదే, పెత్తనమూ ఆమెదే. కాగితం మీద కూడా ఆమెదే అయితే గొడవ ఉండదు.

2. నా ఉలులు, సుత్తి, టేకు చెక్కలు సుహైల్‌కి. వాడికి చెయ్యి తిరిగింది గానీ తొందర తగ్గలేదు. చెక్క ఆరకముందే ఉలి పెట్టకూడదని ఇక్కడ కూడా రాస్తున్నాను, కోర్టు కాగితం మీద ఉంటేనన్నా వింటాడేమో.

3. పక్కింటి మేఘన గురించి కాస్త వివరంగా రాయాలి. చదివేవారు ఓపిక పట్టాలి.

బిడ్డ గుడ్డులో ఉండే ఏడు నెలల్లో, నలభై రోజులపాటు ఎవరు దాన్ని ఒంటికి ఆనించుకుని వెచ్చగా కాపాడతారో వాళ్లంతా అమ్మానాన్నలేనని మన చట్టం. నలభయ్యో రోజులో అడుగుపెడితే చాలు, ఆ రోజు కూడా లెక్కకు వస్తుంది. నలభయ్యో రోజున బిడ్డ పొత్తిబట్ట మీద ఎవరి అచ్చు వాళ్లు వేసుకోవడం మా బందరు ఆచారం.

ఇరవై తొమ్మిదేళ్ల క్రితం పక్కింటి వేదవతి గారు గుడ్డు పెట్టిన మూడో వారంలో ఆమెకు విషజ్వరం వచ్చింది. జ్వరం వేడి గుడ్డుకు ప్రమాదం. ఆమె భర్త సీతారామాంజనేయులు గారు, ఏ గుడ్డు ఎవరి ఒడిలో ఎన్ని రోజులుందో రాసే ఒడి రిజిస్ట్రీలో గుమాస్తా. తుఫాను సహాయం డ్యూటీ మీద నాగాయలంక వెళ్లి చిక్కుకుపోయారు. ఆమె గోడ మీంచి మూట అందించి, “రెండు రోజులు పట్టుకోండి అన్నయ్యా” అన్నారు. ఆ రెండు రోజులు ముప్పై తొమ్మిది అయ్యాయి.

సుత్తి దెబ్బకు గుడ్డు అదురుతుందని అన్నాళ్లూ ఉలి ముట్టలేదు. బనీను లోపల కట్టుకుని పడక్కుర్చీలో కూర్చునే నిద్రపోయాను. ఇరవయ్యో రోజున లోపల పాప మొదటిసారి తిరిగింది. నాకు పెళ్లి లేదు. ఆ రోజు నుంచి నాకూ ఒక కూతురుందనుకున్నాను.

ముప్పై తొమ్మిదో రోజు, మగ్రిబ్ నమాజు అయ్యాక, సీతారామాంజనేయులు గారు బస్సు దిగి వచ్చారు. పొద్దు గుంకితే మా లెక్కలో మర్నాడు మొదలైనట్టే. నలభయ్యో రోజులోకి వచ్చాననుకుని, సంతోషంగా గుడ్డు ఆయన ఒడిలో పెట్టాను. వారి లెక్కలో తెల్లారితే గానీ రోజు మారదు. రిజిస్టర్లో ముప్పై తొమ్మిది అని రాశారు. వెళ్లి అడిగితే, “ఏం చెయ్యమంటారండీ రహంతుల్లా గారూ, గవర్నమెంటుకి సూర్యోదయమే లెక్క” అన్నారు. తెల్లారేదాకా ఉంచుకోండని ఆ సాయంత్రం ఆయన అనలేదు, నేనూ అడగలేదు. తర్వాత పదేళ్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు. మేఘన మాత్రం మావయ్యా అంటూ మా ఇంట్లోనే పెరిగింది.

4. ఆ రోజుల్లో కాగితం మీద ఒక మడచెట్టు ఆకు గీసుకున్నాను. నా అచ్చుగా వేసుకుందామని తర్వాత చెక్కాను కూడా. ఇంతవరకూ రంగులో ముంచలేదు. ఆ అచ్చు మేఘనకు ఇస్తున్నాను.

అమ్మా మేఘనా, పోయిన నెల నువ్వు నీ గుడ్డు తెచ్చి, “కాసేపు పట్టుకోండి మావయ్యా” అని నా ఒడిలో పెట్టి వెళ్లి, పొద్దు గుంకినా రాలేదు. తెల్లారాకే వచ్చి తీసుకున్నావు. నువ్వేం చేశావో నాకు తెలుసు. నువ్వున్న గుడ్డుకు ముప్పై తొమ్మిది రోజులూ, నీ బిడ్డ గుడ్డుకు ఈ ఒక్క రోజూ చట్టం కలపదు. నేను కలుపుకున్నాను. ఈ అచ్చు నీ బిడ్డ పొత్తిబట్ట మీద వేస్తావో, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటావో నీ ఇష్టం. నాన్నా అని పిలవమని అడగను. అడగాలని మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా ఉంది.

5. ఆ పడక్కుర్చీ వేదవతి గారికి. నవారు కొత్తదే.

6. సాక్షి సంతకం పెట్టేవారికి ఏమీ రాయకపోవడం మంచిదని వకీలు గారన్నారు. అందుకని సీతారామాంజనేయులు గారికి ఏమీ రాయలేదు. ఆయనతో ఉన్న తగువు నాతోనే తీసుకుపోతాను, వారసులెవరూ పంచుకోనక్కర్లేదు.

సుహైల్ చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. ఈ రోజు 2025 నవంబరు 14, శుక్రవారం. పొద్దు ఇంకా గుంకలేదు కాబట్టి తేదీ విషయంలో ఎవరికీ పేచీ లేదు.

(సంతకం) షేక్ రహంతుల్లా

సాక్షులు, ఎవరి వివరాలు వారే స్వయంగా రాసినవి:

1. గూడూరు ధనరాజు, అద్దకం పని, ఇనగుదురుపేట.

2. పిల్లలమర్రి సీతారామాంజనేయులు, ఒడి రిజిస్ట్రీ విశ్రాంత గుమాస్తా, మేఘన ఇద్దరు నాన్నల్లో ఒకడిని.