చప్పుడు లేని పడవ

చిట్టితల్లీ, మేమిద్దరం బాగున్నాం, కంగారుపడకు.

మీ వర్క్‌షాపులో చేసిన కరెంటు పడవ నిన్న మన రేవుకొచ్చిందమ్మా! ఎంత బాగుందో! ముప్పై ఏళ్లు డీజిల్ పడవ నడిపినవాణ్ణి కదా, ఎక్కి, అలవాటుగా కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు కోసం చెవొగ్గి కూర్చున్నాను. ఎంతకీ వినబడక "ఇంజను స్టార్టవ్వలేదు, అందరూ దిగండి!" అని అరిచాను. "నడి ఏట్లో ఉన్నాం తాతా, ఎక్కడ దిగమంటావ్?" అంది టికెట్లమ్మాయి. పడవంతా నవ్వింది.

"సర్కారు సొమ్ము బొమ్మపడవలకు తగలేస్తారా" అని నిన్ను ఏడిపించి పంపిన నోరిది. "మా అమ్మాయి చేసిన పడవే" అని చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది గానీ, సిగ్గేసి టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

అమ్మ కళ్లజోడు నీ పెట్టెలో వచ్చిందేమో చూడు. సెలవు దొరికితే రా. నువ్వు పక్కన కూర్చుంటే ఆ టికెట్లమ్మాయికి నేనే చెబుతాను.

నీ చేతులు చల్లగుండాలి.

నాన్న