మూడుసార్లు కడగాల్సిన పొర

తమ్ముడికి,

నిన్న అమ్మ ఫోన్ చేసి, "తమ్ముడే కదమ్మా, కాస్త సర్దుకుపో" అంది. చేయించింది నువ్వేనని తెలుసు. నా ఎదుట నిలబడి అడగడానికి సిగ్గేసిందేమో. పోనీలే, అదొక్కటైనా మిగిలింది.

మరిచిపోయినట్టున్నావు కాబట్టి రాస్తున్నాను. మన కంపెనీలో పశువు గుండె చుట్టూ ఉండే పొరను మందులో నానబెట్టి, పిల్లల గుండెల్లో రంధ్రాలు మూసే అతుకులు చేస్తాం. ఆ మందు పోయేలా మూడుసార్లు కడగాలి. మిగిలిపోతే, నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టినట్టు, ఒంట్లో ఆ అతుకుకు సున్నం పట్టి రాయిలా బిగుసుకుపోతుంది. పదో తరగతి చదివిన నాకే అర్థమైంది. పెద్ద చదువులు చదివి సూపర్‌వైజరువైన నువ్వు నాతో ఒక్కసారే కడిగించి, రిజిస్టరులో నా పేరు పక్కన మూడు టిక్కులు పెట్టావు.

అడిగితే అతుకును వేళ్లతో నొక్కి చూపించి, "మెత్తగానే ఉంది కదక్కా, బయట లారీ ఆగి ఉంది" అన్నావు. ఇవాళ మెత్తగా ఉండడం గొప్పేం కాదురా. నువ్వూ మెత్తగానే మాట్లాడతావు.

వాటిలో రెండు టిక్కుల మీద అడ్డగీత గీసి, సంతకం చేసి, రిజిస్టరును నాణ్యత చూసే మేడమ్ చేతికిచ్చాను. ఆ అతుకులున్న నలభై పెట్టెలూ ఆవిడ తాళంలో ఉన్నాయి. లారీ ఖాళీగా వెళ్లింది. నీ సంగతి ఆవిడే తేలుస్తుంది.

రోజూ దేవుడి ముందు మొదట నీ పేరే చెప్పుకునేదాన్ని. ఈ పొద్దున, ఆ అతుకులు ఏ పిల్లలకు పడేవో వాళ్ల కోసం దండం పెట్టుకున్నాను. నీ దాకా రాకముందే డ్యూటీకి వేళైంది.

అక్క